అమ్మతో ఎగెర్ క్రిస్మస్ మార్కెట్‌కి – నా అనుభవం

హంగేరి రాజధాని బుడాపెస్ట్‌లో ఉండేవాళ్ళు క్రిస్మస్ మార్కెట్ అంటే వోరోష్‌మార్టి స్క్వేర్‌కి గానీ సెయింట్ స్టీఫెన్ బసిలికా ముందుకి గానీ వెళ్తారు. అవి బాగుంటాయి, కాదనను, కానీ మోకాళ్ళ నొప్పులున్న అమ్మని ఆ జనంలో నడిపించడం కష్టం, పైగా అక్కడ సగం మంది మనలా బయటినుంచి వచ్చినవాళ్ళే. ఊరివాళ్ళు పండగ ఎలా చేసుకుంటారో అమ్మకి చూపించాలని ఉంది నాకు. మాది గుంటూరులో లూథరన్ కుటుంబం, డిసెంబర్ వస్తే ఇంటి మీద స్టార్ కట్టడం, అరిసెలు, కొత్తబట్టలు, ఇదంతా అమ్మ చేతుల మీదే నడుస్తుంది. అందుకే ఎగెర్ అనుకున్నా. యాభై వేల జనాభా ఉన్న ఊరు, రైలు సౌకర్యం ఉంది, చూడాల్సినవన్నీ నడిచేంత దూరంలోనే.

ముందు రైలు సంగతి. బుడాపెస్ట్ కెలెటి స్టేషన్ నుంచి డైరెక్ట్ ట్రైన్ ఉంది, సుమారు రెండు గంటలు. డైరెక్ట్ కాకపోతే ఫ్యూజెషబోన్య్‌లో మారాలి, పెద్దవాళ్ళతో వెళ్తుంటే చలిలో ప్లాట్‌ఫారం మీద నిలబడే పని పెట్టుకోకండి, డైరెక్ట్‌దే చూసుకోండి. రిటర్న్ టైమింగ్స్ కూడా వెళ్ళకముందే చూసి పెట్టుకున్నా, ఎందుకంటే డిసెంబర్‌లో ఇక్కడ సాయంత్రం నాలుగయ్యేసరికి చీకటి పడిపోతుంది, లైట్లు చూడాలంటే చీకటి పడ్డాక ఉండాలి, మళ్ళీ రాత్రి మరీ ఆలస్యం కాకూడదు. మేం మధ్యాహ్నానికి దిగాం. ఎండ ఉంది కానీ సున్నాకి అటూ ఇటూ. అమ్మకి లోపల థర్మల్స్, రెండు జతల సాక్సులు, పైన నా పాత జాకెట్. చీర కట్టుకుంటానంది గానీ ససేమిరా వద్దన్నా.

స్టేషన్ నుంచి డొబో స్క్వేర్‌కి ఇరవై నిమిషాల నడక, మేం దానికి గంట పట్టించాం. దారిలోనే బసిలికా వస్తుంది, 1830లలో కట్టిన పసుపు రంగు చర్చి, ముందు పెద్ద పెద్ద స్తంభాలు, బోలెడు మెట్లు. అమ్మ మెట్ల దగ్గర ఆగుతూ ఆగుతూ ఎక్కింది, లోపల బల్ల మీద చాలాసేపు కూర్చుంది. ఆల్టర్ దగ్గర అడ్వెంట్ పచ్చదండ, నాలుగు కొవ్వొత్తులు, క్రిస్మస్‌కి ముందు నాలుగు ఆదివారాలూ ఒక్కోటి చొప్పున వెలిగిస్తారు. "మూడో ఆదివారం కదే, అందుకే గులాబీ రంగుది కూడా వెలిగించారు" అని నాకే చెప్పింది.

స్క్వేర్ చిన్నదే. ఒకపక్క జంట గోపురాల మైనరైట్ చర్చి, మధ్యలో డొబో ఇష్ట్వాన్ విగ్రహం, వెనక కొండమీద కోట. 1552లో సుమారు రెండు వేల మందితో, అందులో ఆడవాళ్ళు కూడా, తమకంటే ఎన్నో రెట్లున్న ఒట్టోమన్ సైన్యాన్ని నెలకి పైగా ఆపి వెనక్కి పంపించాడు ఆ కోట దళపతి ఈ డొబో. ఆ ముట్టడిలో కోటలోవాళ్ళు తాగిన ఎర్ర వైన్ చూసి శత్రువులు ఎద్దురక్తం అనుకున్నారని కథ, ఇక్కడి బికావేర్ (అంటే ఎద్దురక్తం) వైన్‌కి పేరు అలా వచ్చిందంటారు. ఇప్పుడు ఆ విగ్రహం కిందే చెక్క స్టాల్స్, వేడి వైన్‌లో లవంగాలు దాల్చినచెక్క మరుగుతున్న వాసన, చూస్తే అందరూ ఊరివాళ్ళే, ఒకళ్ళనొకళ్ళు పలకరించుకుంటూ నిలబడున్నారు. అమ్మ వైన్ ముట్టదు, తనకి నిమ్మకాయ టీ చెప్పా.

తిండి దగ్గర కొంచెం పని పడింది. అమ్మ పోర్క్ తినదు, ఇక్కడ సాసేజ్‌లు ఎక్కువ పోర్క్‌వే. లాంగోష్ అంటే మన పూరీలాంటిదే, కానీ పళ్ళెమంత ఉంటుంది, ఈస్ట్ వేసి పులియబెట్టిన పిండి, పైన వెల్లుల్లి నీళ్ళు రాసి పుల్లటి క్రీమ్, తురిమిన చీజ్ వేసిస్తారు. కొందరు పంది కొవ్వులో కూడా వేయిస్తారు కాబట్టి ఫోన్‌లో హంగేరియన్‌లోకి మార్చి "ఇది ఏ నూనె?" అని చూపించా. స్టాల్‌లో ఆవిడ కిందనుంచి పొద్దుతిరుగుడు నూనె డబ్బా తీసి మరీ చూపించింది. అమ్మకి ఆవిడ భలే నచ్చేసింది.

అమ్మని కదలనివ్వకుండా నిలబెట్టేసింది మాత్రం కుర్తోష్ కలాచ్ స్టాల్. ఇప్పుడు రొమేనియాలో ఉన్న ట్రాన్సిల్వేనియాలోని హంగేరియన్ల వంటకం ఇది. ఒకబ్బాయి పిండిని పొడుగ్గా తాడులా చేసి లావుపాటి చెక్క కర్రకి చుట్టేస్తున్నాడు, దాన్ని పంచదారలో దొర్లించి నిప్పుల మీద తిప్పుతుంటే పంచదార కరిగి పాకమై గోధుమ రంగులోకి తిరిగి మెరుస్తుంది, అప్పుడు కర్రని బల్లకేసి టక్కున కొడితే గొట్టంలా జారి వస్తుంది, లోపల్నుంచి పొగలు. పైన వాల్‌నట్ పొడి అద్దించుకున్నాం. వేడిమీదే తినాలి, చల్లారితే ఆ కరకర పోతుంది.

పక్క స్టాల్‌లో బెయ్‌గ్లీ, క్రిస్మస్‌కి ప్రతి ఇంట్లో ఉండే రోల్. ఒకటి వాల్‌నట్‌ది, ఇంకోటి గసగసాలది. ముక్క కోసి ఇస్తే అమ్మ నోట్లో పెట్టుకుని "ఇవి గసాలే, నల్లగా ఉన్నాయేంటే?" అంది. ఇక్కడివి నీలం నలుపు కలిసినట్టుంటాయి, మనవి తెల్లవి. గసగసాలు ఎక్కువుంటే ఇంట్లో డబ్బుకి లోటుండదని వీళ్ళ నమ్మకం. రెండు రోల్స్ తీసుకున్నాం, ఆ తర్వాత చెట్టుకి వేలాడదీసే చాక్లెట్లు సలోన్‌సుకోర్, తళతళలాడే కాగితాల్లో చుట్టినవి, సండేస్కూల్ పిల్లలకని అమ్మ ఒక పెద్ద సంచి కొనిపించింది.

చీకటి పడ్డాక స్క్వేర్‌లో అడ్వెంట్ కొవ్వొత్తి వెలిగించారు, పిల్లలు పాడారు. ఒక ట్యూన్ మాకు తెలిసిందే. వాళ్ళు హంగేరియన్‌లో పాడుతుంటే అమ్మ మెల్లగా తెలుగులో అందుకుంది, పక్కనున్న పెద్దావిడ ఈమె వైపు తిరిగి తల ఊపుతూ పాడింది, పాట అయ్యాక ఇద్దరూ చేతులు పట్టుకున్నారు. ఒకరి భాష ఒకరికి రాదు. ఇది చూపించాలనే కదా నేను అంతదూరం తీసుకెళ్ళింది, నాకు కళ్ళు చెమర్చాయి.

వెళ్ళాలనుకునేవాళ్ళకి కొన్ని సంగతులు. కార్డ్ చాలాచోట్ల నడుస్తుంది కానీ కొంచెం ఫోరింట్ (ఇక్కడి డబ్బు) నోట్లు, టాయిలెట్‌కి చిల్లర ఉంచుకోండి. నేలంతా రాళ్ళు పరిచి ఉంటుంది, పెద్దవాళ్ళకి గ్రిప్ ఉన్న షూస్ తప్పనిసరి. గంటకోసారి ఏదైనా కాఫీ షాప్‌లో కూర్చోబెట్టండి. ముఖ్యంగా ఆదివారం వెళ్ళండి, కొవ్వొత్తి వెలిగించేది ఆరోజే. 24న మాత్రం ప్లాన్ చేసుకోవద్దు. ఇక్కడ క్రిస్మస్ తాత మికులాష్ డిసెంబర్ 6నే వచ్చి వెళ్ళిపోతాడు, 24 సాయంత్రం చెట్టూ బహుమతులూ తెచ్చేది బాలయేసు అని పిల్లలకి చెప్తారు, ఆరోజు చాలా షాపులు మూసేసి ఉంటాయి, అందరూ ఇళ్ళల్లోనే ఉంటారు.