రిక్టరా, రాఖ్మనినోవా?

"ఇంకా మొదలవలేదా?" అంది అక్క. అప్పటికే పియానో మోగుతోంది! రష్యన్ స్వరకర్త రాఖ్మనినోవ్ పియానోకీ ఆర్కెస్ట్రాకీ కలిపి రాసిన రెండో కాన్సెర్టో అది, వార్సా ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో పియానిస్ట్ రిక్టర్ 1959లో చేసిన రికార్డింగ్. మొదట్లో పియానో ఒక్కటే వాయించే ఎనిమిది కార్డ్‌లనీ (కలిపి మోగించే స్వరాల గుంపులు) రిక్టర్ ఎంత తీరిగ్గా వాయిస్తాడంటే, అక్క అనుమానం న్యాయమే.

వెంటనే రాఖ్మనినోవ్ తనే వాయించింది పెట్టాను. 1929, ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రా, దాన్ని నడిపించింది స్టొకోవ్‌స్కీ. అసలు సాగదీయడు. పైగా ఆ వయొలిన్లు ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి హాయిగా జారతాయి, అచ్చం మన కచేరీల్లో జారులాగే. ఇప్పటి ఆర్కెస్ట్రాలు అలా వాయించడం అరుదు.

ఏ రికార్డింగ్ అయినా నేను ముందు చూసేది ఒకటే చోటు. ఆ కార్డ్‌లు అయిపోగానే అసలు పాట తీగవాద్యాలది. పియానో కింద పరుగులు తీస్తూ తోడు ఉండాలి, అంతే. చాలామంది మైకు తెచ్చి పియానో మీదే పెడతారు, పాట కాస్తా మునిగిపోతుంది. తప్పు వాయించేవాళ్లది కాదు, సౌండ్ చూసుకున్నవాళ్లది.

రాసినాయన వాయించాడు కాబట్టి అదే ఆఖరి మాట అంటే మాత్రం ఒప్పుకోను. రిక్టర్ నిదానం స్వరలిపిలో లేదు, అయినా వింటుంటే నమ్మేస్తాం.

కొత్తవాళ్లకి మటుకు 1929ది ముందే ఇవ్వకండి, ఆ గరగరకి పారిపోతారు.

రెండో భాగంలో ఫ్లూట్ నుంచి క్లారినెట్ పాట అందుకునే చోటు మీకు ఎవరిది నచ్చిందో చెప్పండి. వరసగా వింటాను.