నా వీడియోనే మా ఇంటికి వచ్చింది

ఖతర్‌లో దోహా ఇండస్ట్రియల్ ఏరియాని మేమంతా సనయ్యా అంటాం. ఒక రూంలో ఆరుగురం. నాది ఏసీ డక్టు పని, ఊరు దేవరకొండ దగ్గర.

2025 జూన్ 23 రాత్రి వంట నా వంతు. ఏడున్నర దాటింది, ఉల్లిగడ్డ కోస్తుంటే ధన్ ధన్‌మని చప్పుడు. పక్క బ్లాకులో సిలిండర్ పేలిందనుకుని మేడ మీదికి ఉరికాం. ఆకాశంలో ఎర్రటి చుక్కలు పైకి పోతున్నాయి, ఒక్కోటి అక్కడే పగిలి తెల్లగా అయిపోతోంది. అల్ ఉదైద్‌లో అమెరికా వాళ్ళ స్థావరం మీదికి ఇరాన్ వేసిన మిసైళ్లని, వాటిని దారిలోనే కొట్టేస్తున్నారని తర్వాత తెలిసింది. ఆ టైంలో మేం చేసిన పని ఏందంటే, అందరం ఫోన్లు పైకి లేపాం. నేనూ ఇరవై రెండు సెకన్లు తీశాను, వెనకాల ఒక నేపాలీ పిల్లగాడి నవ్వు కూడా పడింది. ఊరి గ్రూపులో వేసి, కిందికొచ్చి మళ్ళీ ఉల్లిగడ్డ పట్టుకున్నా. నిజం చెప్తున్నా, పెద్దగా భయమేం వేయలేదు.

ఊళ్ళో అప్పటికి రాత్రి పది. గంట తిరగకముందే మా ఇంటామె ఫోన్, ఏడుపుతోనే మొదలు.

"ఎయిర్‌పోర్టు కాలిపోతుందట గదా, యాడున్నవ్?"

"వంట చేస్తున్న."

"అబద్ధాలు చెప్పకు, వీడియో చూసినం."

ఏదీ పంపు అంటే పంపింది. నా వీడియోనే. నేపాలీ పిల్లగాడి నవ్వు తీసేసి సైరన్ కలిపారు, కింద "దోహా ఎయిర్‌పోర్టు ధ్వంసం, మనోళ్ళు వందల మంది లోపల" అని రాశారు. ఇది నేను తీసిందేనే అంటే నమ్మదు. బతికుండి లైన్లో మాట్లాడుతున్నా, నా మాట మీద లేని నమ్మకం దాని మీద ఉంది. పంపినవాడేమీ చెడ్డోడు కాదు, ఇంటర్ దాకా నాతో చదివినోడు, "జాగ్రత్త వదినా" అని రాసి మరీ పంపాడు. ఆ రాత్రి కొన్ని గంటలు విమానాలు ఆపేసిన మాట నిజం, ఆ ఒక్క నిజంతో మిగతాదంతా నిజమైపోయింది. ఒక్కటి తప్ప మిసైళ్లన్నీ ఆపేశామని, ఎవరికీ ఏమీ కాలేదని ఖతర్ వాళ్ళు చెప్పింది మాత్రం మా గ్రూపులో ఒక్కడూ వేయలేదు. దానికి సైరన్ ఉండదు కదా.

కోపంతో గ్రూపులో నాలుగు మాటలు రాయబోయి ఆగిపోయాను. నెలన్నర ముందు, మే నెలలో, మనకీ పాకిస్తాన్‌కీ కొట్లాట నడుస్తున్నప్పుడు, కరాచీ పోర్టు తగలబడిందని మన టీవీల్లో ఊదరగొడుతుంటే నేనేం చేశాను? మంటల వీడియోకి చప్పట్ల బొమ్మలు పెట్టి నాలుగు గ్రూపుల్లో వేశాను. అప్పుడు తిరిగిన వాటిలో ఒకటి అమెరికాలోని ఫిలడెల్ఫియాలో విమానం కూలినప్పటిదని తర్వాత తేలింది. ఆర్మా 3 అనే వీడియో గేమ్ బొమ్మల్ని కూడా యుద్ధమని తిప్పారు. మా రూంలో పిల్లగాడు ఆ గేమ్ ఆడతాడు, వాడు కూడా ఫార్వర్డ్ చేశాడు, అదీ సంగతి.

మా సైటులో వెల్డర్ కరాచీ ఆయన. బస్సులో నా పక్క సీటు. ఆ కరాచీ వార్త తిరిగిన రాత్రంతా ఇంటికి ఫోన్ కలుపుతూనే ఉన్నాడట, తెల్లారి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నన్నేమీ అనలేదు. ఐమోలో వాళ్ళ తమ్ముడికి వీడియో కాల్ చేసి నా ముందు పెట్టాడు. తమ్ముడు బజారులో నిలబడి చాయ్ తాగుతున్నాడు, వెనక ఆటోలు పోతున్నాయి. "దేఖో భాయ్, జల్ గయా కరాచీ" (చూడన్నా, కాలిపోయింది కరాచీ) అని నవ్వాడు. మధ్యాహ్నం నా మామిడికాయ తొక్కు సగం ఆయన డబ్బాలో వేశాను. ఆ వీడియో నేను కూడా పంపానని ఇప్పటికీ చెప్పలేదు.

సెప్టెంబర్ 9న మధ్యాహ్నం ఇజ్రాయెల్ దోహాలోనే బాంబులు వేసింది. ఈసారి వీడియో గీడియో తీయలేదు, ముందు ఇంటికి ఫోన్ కలిపాను. అవ్వ ఎత్తింది. అప్పటికే పొగ వీడియో చూసేసింది.

"సైటులనే ఉన్న అవ్వా, మంచిగున్న."

"ఫోన్ తిప్పు కొడుకా, చుట్టూ చూపియ్యి."

తిప్పాను. డక్టు రేకులు, నిచ్చెన, నీళ్ళ క్యాను. కరాచీ ఆయన అద్దాలు పైకి జరిపి చెయ్యి ఊపాడు.

"ఆయనెవరు?" అంది.

"నా పక్క సీటాయన" అన్నాను.