జ్వరం తగ్గిన రాత్రి

నిరుడు అక్టోబరులో నాకు డెంగీ వచ్చింది. పరీక్షలు, సెలైన్లు అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. ఐదో రోజు సాయంత్రం జ్వరం దిగింది. నేను చెప్పాల్సింది ఆ రాత్రి గురించి.

ఇంటికి దగ్గరని ఒక ప్రైవేటు నర్సింగ్ హోంలో చేరాను. జ్వరం దిగిన గంటకే కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి. రెండుసార్లు వాంతి. డ్యూటీ డాక్టర్ గుమ్మంలోనే నిలబడి చార్టు చూశాడు. "జ్వరం లేదు కదమ్మా, గ్యాస్ అయ్యుంటుంది. మీ ఆడవాళ్లకు ప్రతిదానికీ టెన్షనే" అని వెళ్లిపోయాడు. మా ఆయన కూడా ఆ మాటే నమ్మి, "కాసేపు పడుకో" అన్నారు. నా నొప్పి గురించి నేను చెబితే చాలదా?

రాత్రి రెండింటికి బాత్రూంకి లేస్తే గోడలు తిరిగాయి. కళ్లు తెరిచే ఉన్నా ఏమీ కనపడలేదు. పిల్లల పేర్లు పైకి అనుకుంటూ పడున్నాను, మరిచిపోతానేమోనని. అత్తయ్య నా పాదాలు పట్టి చూసి అరిచింది: "కాళ్లు చల్లబడిపోయాయిరా! ముందు బండి పిలువు. సిస్టర్ల ఆసుపత్రికి పోదాం."

ఆవిడ మూడు కాన్పులూ గుంటూరులో క్రైస్తవ సన్యాసినులు (సిస్టర్లు) నడిపే సెయింట్ జోసఫ్ ఆసుపత్రిలోనే జరిగాయి. అక్కడ ఒక సిస్టరమ్మ మా ఆయన్ని అడగలేదు, నా చెయ్యి పట్టుకుని, "నువ్వు చెప్పమ్మా, ఎప్పట్నించి నొప్పి?" అంది. బీపీ 80కి పడిపోయింది. డెంగీలో జ్వరం తగ్గేటప్పుడే రక్తనాళాల్లోంచి నీరు బయటికి ఊరిపోయి, ప్రాణం మీదికి వస్తుందట. తెల్లారేదాకా గంటగంటకూ బీపీ చూస్తూ సెలైన్ మార్చారు.

ఆ ఆసుపత్రి కథ కోలుకున్నాక చదివాను. దాన్ని పెంచి పెద్దచేసిన మేరీ గ్లోరీ అనే ఆస్ట్రేలియా డాక్టరమ్మ 1920లో గుంటూరు వచ్చి, జేఎంజే (జీసస్-మేరీ-జోసఫ్) మఠంలో సిస్టర్ అయ్యారు. అప్పట్లో మఠవాసులు వైద్యం చేయడానికి చర్చి ఒప్పుకునేది కాదు, పోప్ ప్రత్యేకంగా అనుమతి ఇచ్చారు. మగ డాక్టరుకు చూపించుకోలేక ఆడవాళ్లు ప్రాణాలు పోగొట్టుకుంటున్నారని తెలిసే ఆమెకు ఇండియా రావాలనిపించింది. 1943లో దేశంలోని కాథలిక్ ఆసుపత్రుల సంఘాన్ని మొదలుపెట్టిందీ ఆమే. ఇదంతా చదువుతుంటే నా చెయ్యి పట్టుకున్న ఆ సిస్టరమ్మే గుర్తొచ్చింది.

నా పక్క మంచంలో మిరపకాయలు ఏరే కూలిపని చేసే ముసలమ్మ ఉండేది. బిల్లు తలుచుకుని ఏడుస్తుంటే, "ఉన్నంత కట్టు అవ్వా, ముందు గంజి తాగు" అంది సిస్టరమ్మ. నా బిల్లు మేం పూర్తిగానే కట్టాం. కట్టగలిగినవాళ్లు కట్టాలి, లేకపోతే ఆ అవ్వలాంటివాళ్లకు మంచం ఎక్కడ్నించి వస్తుంది?

దయచేసి గుర్తుంచుకోండి. డెంగీలో జ్వరం తగ్గాక కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లలో రక్తం, మగత కనిపిస్తే ఒక్క గంట కూడా ఆగొద్దు. నొప్పి అని ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ మింగొద్దు. ఆ గుమ్మంలో డాక్టర్‌ని నేనింకా క్షమించలేదు. మా ఆయన మాత్రం ఆసుపత్రిలోనే నా చెయ్యి పట్టుకుని ఏడ్చారు.

అత్తయ్య మంగళగిరి పానకాలస్వామికి మొక్కుకుందట. డిశ్చార్జి అయిన వారానికి పానకం పోయించి, తిరుగు దారిలో ఆసుపత్రి దగ్గర ఆటో ఆపించింది. లోపల జోజప్ప (సెయింట్ జోసఫ్) విగ్రహం ముందు కొవ్వొత్తి వెలిగించి, అది నిలకడగా మండేదాకా అక్కడే నిలబడింది.