గెడ లేని పడవ

మాది ముక్తేశ్వరం దగ్గర, గౌతమి దాటి కోటిపల్లి వెళ్ళాలంటే రేవులో పంటు ఎక్కే ఊరు. పోయిన వానాకాలం యూనిటీ అనే గేమ్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లో చిన్న గేమ్ మొదలెట్టా, పెద్దగా ఏం లేదు, కొబ్బరితోటల మధ్య కాలవలో పడవ నడుపుకుంటూ పోవడమే. ఫస్ట్ పర్సన్, అంటే ఆడేవాడి కళ్ళతోనే చూపించడం, అయితేనే పడవలో ఉన్నట్టుంటుందని గట్టిగా నమ్మి గేమ్‌లో మన చూపుగా ఉండే కెమెరాని తీసుకెళ్ళి పడవకే కట్టేశా, పడవ ఊగితే అదీ ఊగుతుంది, పది నిమిషాలు ఆడేసరికి కడుపులో తిప్పేసి మజ్జిగ తాగి పడుకున్నా.

నిజం పడవలో ఏనాడూ కళ్ళు తిరగని నాకు స్క్రీన్ ముందు ఎందుకు తిరుగుతున్నాయా అని చూస్తే సంగతి చెవిలో ఉంది. కళ్ళేమో ఊగుతున్నాం అంటాయి, లోపలి చెవేమో కుర్చీలో కదలకుండా ఉన్నావంటుంది, ఆ రెండిటికీ పొత్తు కుదరక వికారం. దానికి తోడు ఫీల్డ్ ఆఫ్ వ్యూ, అంటే ఒకేసారి ఎంత మేర కనపడాలో చెప్పే కోణం, 90 డిగ్రీలు పెట్టుకుంటే మంచిదని ఎవరో అంటే పెట్టేశా, యూనిటీలో ఆ అంకె మామూలుగా నిలువు కోణం అని తెలీదు, 16:9 స్క్రీన్ మీద అది అడ్డంగా 121 డిగ్రీల దాకా పోతుంది, అందుకే గట్టు మీద కొబ్బరిచెట్లు అంచుల్లో సాగిపోయి మీద పడుతున్నట్టు కనపడేవి. 60కి దించా, అడ్డంగా 91 వచ్చింది. ఊపు పడవకి ఉంచి కెమెరాకి దాదాపు తీసేశా. అరగంట ఆడినా కాస్త వికారం తప్ప ఏం కాలేదు.

అప్పుడు మావయ్యకి చూపించా. వరదలొస్తే మా లంకలో జనాన్ని, గేదెల మేతని దాటించేది ఆయనే. కాసేపు చూసి "బానే ఉంది గానీ గెడేదిరా? చేతులేవి? నువ్వు నడపట్లేదు, నిన్నెవరో మోసుకుపోతున్నారు" అన్నారు.

మనిషి కనపడాలి కదా అని థర్డ్ పర్సన్ చేశా, అంటే నడిపే మనిషిని వెనకనుంచి చూసేలా. రెసిడెంట్ ఈవిల్ 4 అనే భయపెట్టే గేమ్ 2005లో కెమెరాని భుజం వెనక్కి తెచ్చింది, అదే సిరీస్ 2017లో 7వ గేమ్‌కి కళ్ళలోకి తెచ్చింది, రెండూ భయపెట్టాయి, కాబట్టి ఏదో ఒకటే గొప్పని నేననను. వెనకనుంచి చూస్తే మలుపులో పడవ ఎంత జాగా తీసుకుంటుందో బాగా తెలుస్తుంది. కానీ కాలవ మీద కిందకున్న వంతెన వచ్చినప్పుడు ఏమీ అనిపించలేదు, ఎవడో దూరిపోతున్నాడు, మనం చూస్తున్నాం, అంతే.

మళ్ళీ ఫస్ట్ పర్సన్‌కే వచ్చా, ఈసారి ఎదురుగా పడవ ముక్కు, కింద రెండు చేతులు, వెదురు గెడ, పైకి లాగినప్పుడు దాన్నుంచి కారే నీళ్ళు కూడా పెట్టా. ఎప్పుడూ ఆ ముక్కు ఒకటి కంటి ముందుండేసరికి ఆ మిగిలిన కాస్త వికారం కూడా పోయింది. మావయ్య చేతికిచ్చా. వంతెన దగ్గరకి రాగానే, మడతకుర్చీలో కూర్చున్న మనిషి, తల దించేశారు.

దాటాక తలెత్తి "గెడ బురదలో దిగబడితే అంత తేలిగ్గా రాదురా, అది సరిచెయ్యి" అన్నారు. వారం నుంచి ఆ పని మీదే ఉన్నా.