మా కారులో ఎర్ర ఫ్యూజు ఎందుకు పోతూ వచ్చింది

మా నాన్నగారి కారు 2012 నాటిది. విజయవాడ నుంచి గుంటూరులోని పెద్దమ్మగారింటికి నెలకు రెండు మూడు సార్లు అందులోనే వెళ్లి వస్తుంటాము. గత కార్తీక మాసంలో ఒక రాత్రి తిరిగి వస్తుండగా, మంగళగిరి దాటిన తరువాత, వెనక వస్తున్న లారీ ఒకటి మమ్మల్ని ఆనుకునేంత దగ్గరికి వచ్చి, గట్టిగా హారన్ కొట్టి, ఆఖరి క్షణంలో పక్కకు తప్పుకుంది. కనకదుర్గ వారధికి ముందు కారు ఆపి దిగి చూస్తే వెనక లైట్లు రెండూ వెలగడం లేదు, నంబరు ప్లేటు లైటూ లేదు. మీటరు లైట్లు ఆరిపోయిన సంగతి నాన్నగారు గమనించారు గాని, హెడ్ లైట్లు మామూలుగానే వెలుగుతుండడంతో దాన్ని చిన్న విషయమనుకున్నారు. హెడ్ లైట్లకూ బ్రేకు లైట్లకూ వేరే ఫ్యూజులు ఉంటాయి. మా కారులో మీటరు లైట్లు, పార్కింగు లైట్లు, నంబరు ప్లేటు లైటు మాత్రం ఒకే 10 ఆంపియర్ల ఎర్ర ఫ్యూజు మీద నడుస్తాయి. వెనక సీటులో అమ్మ నిద్రపోతూ ఉంది. ఆ లారీని తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

కొత్త ఫ్యూజు వేస్తే లైట్లు వచ్చాయి. వారం తరువాత మళ్లీ పోయింది. ఒక చోట బల్బులన్నీ మార్చారు, మరొక చోట స్టీరింగు పక్కనుండే లైట్ల స్విచ్చు మార్చారు, ఫ్యూజు మాత్రం పోతూనే ఉంది. చివరికి రోడ్డు పక్క షాపులో ఒకాయన ఎర్రది తీసి 20 ఆంపియర్ల పసుపు ఫ్యూజు పెట్టి, ఇక పోదని చెప్పి పంపారు. ఆ తరువాత రెండోసారి రాత్రి ప్రయాణంలో కారు లోపల ప్లాస్టిక్కు కమురు వాసన వచ్చింది. నేను ఫ్యూజు పెట్టె మూత తీసి ఆ పసుపు రంగు చూసిన క్షణంలోనే దాన్ని పీకి పారేశాను. ఫ్యూజు కాపాడేది బల్బును కాదు, తీగను. తీగ తట్టుకోగలిగిన దానికి లోబడి కంపెనీ వారు ఆ అంకెను నిర్ణయిస్తారు. అంకె పెంచితే ఫ్యూజు బదులు తీగ కాలుతుంది, ఆ తీగ పోయేది సీట్ల కింద, కార్పెట్టు కింద.

అప్పటి నుంచి ఈ పని నేనే చూడాలని నిశ్చయించుకుని, ముందుగా కాగితం మీద లెక్క వేశాను. ముందు రెండు, వెనక రెండు, నంబరు ప్లేటుకు ఒకటి, మొత్తం 5 వాట్ల బల్బులు ఐదు, అంటే 25 వాట్లు. మీటరు లైట్లతో కలిపి 30 అనుకున్నా, 12 వోల్టులతో భాగిస్తే రెండున్నర ఆంపియర్లు. ఇంత తక్కువ లోడుతో 10 ఆంపియర్ల ఫ్యూజు పోదు. కాబట్టి ఎక్కడో తీగ రాగి నేరుగా కారు బాడీకి తగిలి షార్టు అవుతోంది, అదీ అప్పుడప్పుడు మాత్రమే.

మల్టీమీటరుతో వెదకబోయి నేను ఒక పూట వృథా చేసుకున్నాను. ఫ్యూజు గాడికీ ఎర్త్‌కూ మధ్య మీటరు పెడితే బీప్ మని మోగింది. షార్టు దొరికిందని సంతోషించాను. నిజానికి చల్లగా ఉన్న బల్బు ఫిలమెంటు నిరోధం, వెలిగేటప్పుడు ఉండే దానిలో సుమారు పదో వంతే ఉంటుంది. అలాంటి బల్బులు ఐదు సమాంతరంగా ఉంటే మీటరుకు అది షార్టులాగే కనిపిస్తుంది. బల్బులన్నీ ఊడదీసి చూస్తే మోత ఆగిపోయింది. అంటే ఆ సమయంలో అసలు షార్టు లేదన్నమాట.

వచ్చి పోయే షార్టును పట్టుకోవడానికి ఆటోనగర్‌లోని ఒక పెద్ద వయసు ఎలక్ట్రీషియన్ గారు చెప్పిన టెస్ట్ ల్యాంపు పద్ధతే నాకు దారి చూపింది. హోల్డరుతో సహా ఒక 21 వాట్ల బల్బు తీసుకుని, దాని రెండు తీగలను ఫ్యూజు స్థానంలో తగిలించాలి. అప్పుడు షార్టు ఎంత బలంగా ఉన్నా ఆ దారిలో రెండు ఆంపియర్లకు మించి పోదు, కనుక తీగకు ముప్పు లేదు. పార్కింగు లైట్లు వేస్తే ఈ బల్బూ అవీ బ్యాటరీ వోల్టేజిని పంచుకుని మసకగా వెలుగుతాయి. షార్టు అయిన మరుక్షణం టెస్ట్ బల్బు ఒక్కటే భగ్గున వెలిగి, మిగతావి ఆరిపోతాయి.

ఈ లోపు ఫ్యూజు పోయిన ప్రతిసారీ దానికి ముందు ఏమి చేశామో నాన్నగారి చేత ఒక నోటు పుస్తకంలో రాయించాను. ఐదు సార్లలో నాలుగు సార్లు, లైట్లు వెలుగుతుండగానే బియ్యం బస్తా కోసమో సంచుల కోసమో డిక్కీ తెరిచినట్లు తేలింది. ఆ కాగితం లేకపోతే నేను డాష్‌బోర్డు అంతా విప్పి ఉండేవాణ్ణి.

ఆదివారం సాయంత్రం అమ్మను ముందు సీటులో కూర్చోబెట్టి టెస్ట్ బల్బును చూస్తూ ఉండమని చెప్పి, నేను డిక్కీ తలుపును నెమ్మదిగా పైకెత్తాను. సగం దూరం వచ్చేసరికి అమ్మ, "ఇప్పుడు బాగా వెలిగిందిరా!" అని కేక వేసింది. కిందికి దించితే మసకబారింది, ఎత్తితే వెలిగింది. తలుపుకూ బాడీకీ మధ్య తీగలు వెళ్లే రబ్బరు గొట్టాన్ని వెనక్కి లాగి చూస్తే, ఐదు తీగల్లో నంబరు ప్లేటు లైటుకు వెళ్లే తీగ పైతొడుగు మడత దగ్గర పగిలి, లోపలి రాగి తళతళలాడుతూ ఇనుప అంచుకు తగులుతోంది. పన్నెండేళ్లుగా వేల సార్లు మడత పడిన చోటు అది.

మరమ్మతుకు ముందు బ్యాటరీ నెగటివ్ తీగ విప్పాను. పాజిటివ్ ముందు విప్పబోతే స్పానరు బాడీకి తగిలి నిప్పురవ్వలు రేగుతాయి. ఇన్సులేషన్ టేపు నేను వాడలేదు, మన ఎండలకు దాని జిగురు కరిగి, చుట్టు విడిపోతుంది. దెబ్బతిన్న భాగం కత్తిరించి, అదే మందం గల కొత్త తీగ ముక్కను కలిపి, సోల్డరింగు చేసి, వేడికి బిగుసుకునే స్లీవు తొడిగాను. అతుకులను మాత్రం మడత పడే చోటుకు దూరంగా, గొట్టం బయట ఉంచాను, ఎందుకంటే సోల్డరు బిగిసిన తీగ వంగితే విరుగుతుంది.

తరువాత డిక్కీని నలభై సార్లు తెరిచి మూసి, టెస్ట్ బల్బు స్థానంలో మల్టీమీటరును ఆంపియర్ల గాడికి మార్చి పెట్టాను. 2.4 చూపించింది. దాని పక్కన నాన్నగారు తేదీ వేసి నోటు పుస్తకంలో రాసుకున్నారు. పెట్టెలో మళ్లీ 10 ఆంపియర్ల ఎర్ర ఫ్యూజే ఉంది, ఇప్పటికి ఏడు నెలలు. డ్రైవరు తలుపు దగ్గరి రబ్బరు గొట్టం కూడా పగుళ్లు చూపుతోంది. వానలు మొదలయ్యేలోగా దాన్నీ విప్పి చూడాలి.