ఓనర్ గారి బండ

కూకట్‌పల్లిలో ఈ వాటా చూడ్డానికి వచ్చినప్పుడు మాకు ముందు నచ్చింది గ్యాసే. "బండ ఉంది, స్టవ్ ఉంది, వాడుకోండమ్మా. అయిపోతే నాకో ఫోన్ కొట్టండి, బుక్ చేస్తా" అన్నారు పైవాటాలో ఉండే ఓనర్ అంకుల్. కాకినాడ నుంచి సామాను మోసుకొచ్చిన వాళ్లకి అంతకంటే ఏం కావాలి?

కనెక్షన్ వాళ్లది, ఫోన్ నంబరూ వాళ్లదే అంటే ఓటీపీ కూడా వాళ్లకే వస్తుందని మాకు తట్టలేదు. ఓ మధ్యాహ్నం అంకుల్ నిద్రలో ఉండి ఫోన్ ఎత్తలేదు. గుమ్మం దాకా వచ్చిన బండ వెనక్కి పోయింది. మూడు రోజులు ఇండక్షన్ స్టవ్ మీద అన్నం, కర్రీ పాయింట్ కూరలు.

అసలు గొడవ సంక్రాంతి ముందు మొదలైంది. అంతకుముందు రోజే కొత్త బండ పెట్టాం. అత్తయ్య వంటింట్లో కింద కూర్చుని అరిసెల పిండి జల్లిస్తున్నారు. పాకం ఇంకా పొయ్యెక్కలేదు, అదృష్టం. "ఏదో కుళ్లిన వాసనొస్తోందే" అన్నారు. నిలబడ్డ నాకేం తెలియలేదు. వంగితే గుప్పున కొట్టింది. గ్యాస్ గాలికన్నా బరువు, నేల మీదే పరుచుకుంటుంది. అత్తయ్య లేచి ఎగ్జాస్ట్ ఫ్యాన్ స్విచ్ మీద చెయ్యి వెయ్యబోతుంటే ఒక్క అరుపు అరిచాను. ఆవిడ మీద గొంతు లేపడం అదే మొదటిసారి. రెగ్యులేటర్ కట్టేసి, కిటికీలు, తలుపులు బార్లా తీసి ఇద్దరం బయటికొచ్చేశాం.

అంకుల్‌కి చెప్తే, "కొత్త బండకి కొంచెం వస్తుందిలేమ్మా" అన్నారు. ఇక ఆయన్ని నమ్ముకోకుండా 1906కి ఫోన్ చేశాను. గ్యాస్ లీకేజీకి ఉన్న నంబరు అది, రాత్రీ పగలూ పనిచేస్తుంది.

మెకానిక్ వచ్చి రెగ్యులేటర్ తీసి, బండ మూతిలోంచి నల్లటి రబ్బరు వాషర్ ఒకటి బయటికి లాగాడు. చిటికెన వేలి గోరంత. ఒక పక్క చిట్లిపోయి ఉంది. కొత్తది వేసి, సబ్బు నురగ రాసి చూశాడు. బుడగలు రాలేదు. హమ్మయ్య అనుకునేలోపే పైపు తిప్పి చూపించాడు. స్టవ్ దగ్గర సన్నగా పగుళ్లు. "దీనిమీద తేదీ ఏది? నారింజ రంగు సురక్షా పైపు పెట్టుకోండి, ఐదేళ్లకోసారి మార్చెయ్యాలి" అన్నాడు. చెక్క కప్‌బోర్డులో తలుపేసి బండ దాచడం అంతకన్నా తప్పట. అంకుల్ మాత్రం గాలాడేలా తలుపుకి చిల్లులు పెట్టడానికి ససేమిరా అన్నారు. మావారు మడతబందులు విప్పి తలుపే ఊడదీసి మంచం కింద పెట్టారు. ఖాళీ చేసేటప్పుడు బిగించి ఇవ్వాలి.

సొంత కనెక్షన్ తీసుకుందామని రెంటల్ అగ్రిమెంట్, ఆధార్ పట్టుకుని ఏజెన్సీకి వెళ్తే, "స్టవ్ కూడా మా దగ్గరే కొనాలి" అన్నారు. "తప్పనిసరా? అయితే రాసివ్వండి" అన్నాను. మళ్లీ స్టవ్ మాటెత్తలేదు. కానీ ఇంకో చిక్కు చెప్పారు: ఈ అడ్రసు మీద ఓనర్ ఆంటీ పేరుతో కనెక్షన్ ఉందట! పైన అంకుల్ పేరుతో ఒకటి, కింద ఆంటీ పేరుతో ఇంకొకటి. ఒక కుటుంబానికి ఒకటే కనెక్షన్ ఉండాలి కదా. సొంత కనెక్షన్ మాటెత్తితే అంకుల్ ఎందుకు నసుగుతున్నారో అప్పుడర్థమైంది.

ఆయనతో లాభం లేదని ఆంటీ దగ్గరే కూర్చున్నాను. పగిలిన వాషర్ కాగితంలో చుట్టి తీసుకెళ్లి చేతిలో పెట్టాను. మర్నాడే ఆవిడ ఆ కనెక్షన్ సరెండర్ చేసేశారు. ఎప్పుడో కట్టిన పాత డిపాజిట్ ఎంతో అంతే తిరిగొచ్చిందని అంకుల్ ఇప్పటికీ మెట్ల దగ్గర కనపడితే వినిపిస్తుంటారు. మాకు మాత్రం బండ డిపాజిట్ 2,200, రెగ్యులేటర్‌కి 250, పైపు ఖర్చు వేరే.

ఓటీపీ నా ఫోన్‌కి వచ్చిన మొదటి రోజు కాస్త గర్వంగానే తూకం వెయ్యమన్నాను. ఆ అబ్బాయి విసుక్కుంటూనే స్ప్రింగు త్రాసుకి తగిలించాడు. ఖాళీ బండ బరువు 15.7 అని దాని మీదే ఉంది, గ్యాస్ 14.2, మొత్తం 29.9 కిలోలు. సరిపోయింది. మూతి కూడా చూసి బిగించాడు. అత్తయ్యకి అదీ చాల్లేదు. అతను మెట్లు దిగీ దిగకముందే కింద చతికిలబడి, కళ్లు మూసుకుని వాసన చూశారు.