గెయిన్ తగ్గిస్తేనే టైరు సంగతి తెలుస్తుంది

"అన్నా, గెయిన్ 100 పెట్టేదా? ఇంత డబ్బు పోసి కొన్నాక బలమంతా వాడుకోవాల కదా." నెల్లూరు నుంచి మా బాబాయి కొడుకు అడిగిన మొదటి ప్రశ్న ఇది. కంప్యూటర్‌లో కార్ల రేసు గేములు ఆడేందుకు సెకండ్ హ్యాండ్‌లో లాజిటెక్ జీ29 స్టీరింగ్ వీల్ తీసుకున్నాడు. గెయిన్ అంటే గేమ్ లెక్కకట్టిన బలాన్ని ఎంత పెంచి వీల్‌కు పంపాలో చెప్పే సెట్టింగు. చెన్నై పోరూరులో నా గదిలో ఉన్నదీ అదే. ఫోన్‌లో వాడికి చెప్పింది కొంచెం వివరంగా ఇక్కడ రాస్తున్నాను. ఈ మధ్య వీల్ కొన్న మనవాళ్లు చాలామంది ఇదే అడుగుతున్నారు.

ఫోర్స్ ఫీడ్‌బ్యాక్‌లో, అంటే వీల్ లోపలి మోటార్ మన చేతులకు ఇచ్చే లాగుడులో, చూడాల్సింది బలం కాదు, ఆ బలంలో వచ్చే తేడా. ముందు టైర్లు పట్టు వదిలేయబోతున్నాయన్న సంగతి మనకు ఆ తేడాతోనే తెలుస్తుంది.

నేను ఒరగడంలో చాసిస్ పార్టులు తయారు చేసే కంపెనీలో పని చేస్తాను. స్టీరింగ్ తిప్పినప్పుడు రోడ్డు చక్రాలను మళ్లీ తిన్నగా నెడుతుంది. దాన్ని మేం సెల్ఫ్ అలైనింగ్ టార్క్ అంటాం. సస్పెన్షన్‌లో క్యాస్టర్ కోణం వల్ల కొంత వస్తుంది, టైరు వల్ల కొంత వస్తుంది. మలుపులో టైరు రోడ్డుకు ఆనుకున్న చోట పక్కబలం సరిగ్గా మధ్యలో పని చేయదు, కొంచెం వెనక్కి ఉంటుంది. ఆ కొంచెం దూరమే చక్రాన్ని వెనక్కి తిప్పుతుంది. స్టీరింగ్ ఇంకా తిప్పుతూ పోతే టైరు వెనక భాగం జారడం మొదలై ఆ దూరం తగ్గిపోతుంది. అందుకే గ్రిప్ పూర్తిగా అయిపోకముందే స్టీరింగ్ తేలికపడుతుంది. ఇది నాకు ఎన్నిసార్లు చూసినా ఆశ్చర్యంగానే ఉంటుంది. టైరు తన హద్దు దాటకముందే మన చేతికి కబురు పంపుతుంది!

నాన్న ఇచ్చిన పాత మారుతీ 800 నా దగ్గర ఉంది, పవర్ స్టీరింగ్ లేనిది. కత్తిపారా ఫ్లైఓవర్ లూప్‌లో ముప్ఫైలో మెల్లగా తిరుగుతుంటే స్టీరింగ్ అరచేతుల్లో ఒకే తీరుగా లాగుతూ ఉంటుంది. పట్టు కాస్త సడలిస్తే తనంతట తానే తిన్నగా రావాలని చూస్తుంది. గేమ్ లెక్కకట్టి వీల్ మోటార్‌కు పంపేది ఈ లాగుడునే.

ఇప్పుడు క్లిప్పింగ్ సంగతి, అంటే గేమ్ అడిగే బలం మోటార్ హద్దు దగ్గర తెగిపోవడం. జీ29 మోటార్లు ఇవ్వగలిగింది సుమారు 2 న్యూటన్ మీటర్లే (తిప్పే బలానికి కొలత ఇది). ఆ పూర్తి బలాన్ని 100 అనుకుందాం. గెయిన్ ఎక్కువగా ఉంటే స్పీడు మలుపులో గేమ్ 130 అడుగుతుంది, మోటార్ 100 ఇచ్చి ఆగిపోతుంది. టైరు జారడం మొదలై గేమ్ అడిగేది 105కి దిగినా మోటార్ ఇచ్చేది ఆ 100నే. కబురు వచ్చింది, చేతికి అందలేదు. వినాయక చవితి పందిట్లో బాక్సులు ఫుల్లుగా పెడితే మోత వస్తుంది గాని పాటలో మాటలు తెలియవు, అచ్చం అలాగే.

దీన్ని కళ్లతో చూడొచ్చు. అసెట్టో కోర్సా అనే రేసు గేమ్‌లో పెడల్స్ అనే చిన్న యాప్ ఉంది. అందులో క్లచ్, బ్రేకు, యాక్సిలరేటర్ గీతల పక్కన ఫోర్స్‌ను చూపే బూడిదరంగు గీత ఒకటి ఉంటుంది. ఫోర్స్ హద్దు దాటితే అది ఎర్రబడుతుంది. వాడికి ముజెల్లో ట్రాక్, బీఎండబ్ల్యూ ఎం3 ఈ30 కారు తీసుకోమన్నాను. అక్కడ అరబ్బియాటా అని ఒకదాని వెంట ఒకటి రెండు కుడి మలుపులు, రెండూ మంచి స్పీడువి. మొదటిది పల్లం నుంచి ఎత్తుకు ఎక్కుతూ తిరుగుతుంది కాబట్టి టైర్ల మీద బరువు బాగా పడుతుంది.

"ఎర్రగానే ఉందన్నా, మలుపంతా ఎర్రగానే ఉంది."

"నంబర్ ప్యాడ్‌లో మైనస్ నొక్కరా. ఆ కారు ఒక్కదానికే గెయిన్ తగ్గుతుంది. ఇంకో రౌండు వెయ్యి."

అలా తగ్గిస్తూ పోయి, ఆ మలుపులో గీత అంచున ఎప్పుడన్నా ఒక్క క్షణం ఎర్రబడే దగ్గర ఆపాడు. కెర్బ్ (ట్రాక్ అంచు గట్టు) ఎక్కినప్పుడు ఎర్రబడితే ఫర్వాలేదు, మలుపు మధ్యలో మాత్రం ఎర్రగా నిలిచిపోకూడదు. వీల్ మెత్తబడిపోయిందని వాడికి కాస్త దిగులు. రెండు మూడు రౌండ్లు వేశాక, స్టీరింగ్ కాస్త ఎక్కువ తిప్పితే చేతిలో బరువు సడలుతోందని వాడే చెప్పాడు. ఇంతకుముందు టైరు అరుపు వింటేగాని వాడికి తెలిసేది కాదు. కారు మారిస్తే ఈ పనంతా మళ్లీ చేయాలి. రెక్కలున్న రేసు కార్లు స్పీడులో చాలా ఎక్కువ అడుగుతాయి.

తర్వాత మినిమమ్ ఫోర్స్, అంటే ఎంత సన్న బలమైనా మోటార్ కనీసం ఇంత ఇవ్వాలని పెట్టే సెట్టింగు. గేర్లతో నడిచే వీల్‌లో సన్న బలాలు గేర్ల రాపిడిలోనే ఆగిపోతాయి. అందుకే స్టీరింగ్ మధ్యలో ఏమీ తెలియని ఖాళీ ఒకటి ఉంటుంది. సున్నా దగ్గర మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచండి. తిన్నని రోడ్డు మీద పట్టు సడలిస్తే వీల్ అటూ ఇటూ ఊగడం మొదలుపెడుతుంది, అక్కడి నుంచి ఒక మెట్టు దిగండి. నా వీల్‌కి అది 10 దగ్గర కుదిరింది, మీ వీల్‌కి వేరేగా ఉండొచ్చు. లాజిటెక్ వాళ్ల జీ హబ్ సాఫ్ట్‌వేర్‌లో సెంటరింగ్ స్ప్రింగ్ (వీల్‌ను ఎప్పుడూ మధ్యకు లాగే సెట్టింగు) ఉంటే తీసేయండి. టైరుతో దానికి సంబంధం లేదు.

గేమ్ అదనంగా కలిపే కెర్బ్, రోడ్, స్లిప్ ఎఫెక్ట్స్ అనే వణుకులను నేను సున్నా పెట్టాను. అవి సస్పెన్షన్ లెక్కలోంచి వచ్చేవి కావు, పైన చల్లినవి. పైగా కెర్బ్ వణుకుకి గేర్లు గలగలమంటాయి, ఆ చప్పుడు టేబుల్ కాళ్లలోంచి కింద పోర్షన్ దాకా పోతుంది. ఎఫెక్ట్స్ తీసేసి కాళ్ల కింద రబ్బరు మ్యాట్ వేశాక రాత్రిపూట కూడా ఆడుకోగలుగుతున్నాను.

చెన్నైలో ఉండేవాళ్లకు ఇంకొకటి. కొన్ని వీల్స్ మోటార్ వేడెక్కితే తమంతట తామే బలం తగ్గించుకుంటాయి. కత్తిరి ఎండల్లో ఏసీ లేని గదిలో గంట ఆడాక వీల్ నీరసంగా అనిపిస్తే సెట్టింగులు కెలకొద్దు, చల్లారాక మళ్లీ చూడండి.

అంబత్తూరులో మా ఫ్రెండ్ దగ్గర 8 న్యూటన్ మీటర్ల డైరెక్ట్ డ్రైవ్ వీల్ ఉంది. గేర్లు, బెల్టు ఏమీ లేవు, మోటార్ షాఫ్ట్‌కే స్టీరింగ్. మినిమమ్ ఫోర్స్ సున్నా చాలు. అయితే అలాంటిది కొంటే మొదట సగం బలంతోనే మొదలుపెట్టండి. గోడను గుద్దబోతున్నారని తెలియగానే బొటనవేళ్లు స్పోకుల లోపలి నుంచి బయటికి తీసేయండి. ఆ మోటార్ ఒక్కసారిగా తిప్పితే వేలు విరిగేంత పని అవుతుంది.